మొదటి బ్రేకు మేస్త్రిది

మా మేస్త్రి చేయని గార్డుల మీద మా మేస్త్రి గుర్తు వేసి అమ్మారు. ఒకటి కాదు, ఏడు. ఆయన పోయి పదకొండు రోజులు నిండకముందే అమ్మారు. జరిగిన తప్పు ఇదీ. ముందు ఇది రాసేస్తే గాని నా చెయ్యి మిగతాది రాయనంటోంది.

మా మేస్త్రి పోయిన నెలలో పోయాడు. మదనపల్లెలో, పుంగనూరు రోడ్డులో మేము పనిచేసే వెల్డింగు షెడ్డు ముందర, పొద్దున పని మొదలుపెట్టే వేళకి, ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని గ్లౌజులు తొడుక్కుంటూ ఒక పక్కకి ఒరిగిపోయాడు. నేను గ్రైండరు పారేసి పరిగెత్తాను. ఆటోలో ఆసుపత్రికి తీసుకుపోయేసరికే గుండె ఆగిపోయిందన్నారు. ఒక చేతికి గ్లౌజు ఉంది, రెండో చేతికి లేదు. అరవై రెండేళ్ళ మనిషి. అంతకు ముందు రోజు సాయంత్రం దాకా నన్ను తిడుతూనే ఉన్నాడు, రాడ్డు చివర్లు నేల మీద పారేస్తానని.

గార్డు అంటే ఏమిటో తెలియనివాళ్ళు ఉంటారు కాబట్టి చెప్తాను. పికప్ బండిలో డ్రైవరు వీపు వెనక ఒక అద్దం ఉంటుంది. దాని వెనక సరుకు వేసే తొట్టి. టమాటా క్రేట్లు గానీ, బోరు పైపులు గానీ, సెంట్రింగు కర్రలు గానీ, ఏది ఎక్కించినా అది డ్రైవరు తలకి మూరెడు దూరంలోనే ఉంటుంది. ఎనుమో, స్కూటరో అడ్డం వచ్చి బ్రేకు తొక్కితే బండి ఆగుతుంది, సరుకు ఆగదు. ముందుకి వస్తుంది. అద్దం దాన్నేమీ ఆపలేదు. అందుకని అద్దానికీ సరుకుకీ మధ్య ఒక ఇనుప చట్రం నిలబెడతారు. దాన్నే మా దగ్గర గార్డు అంటారు. మార్కెట్టు యార్డు బయట నిలబడి చూడండి, చాలా బండ్లకి అది లేనే లేదు. ఉన్నవాటిలో కూడా చాలావాటికి ఉన్నది గార్డు కాదు, ముస్తాబు.

మా మేస్త్రి చేసింది గార్డు.

బండి షెడ్డులోకి వస్తే అందరూ టేపు తీసుకుని అద్దం కొలుస్తారు. ఆయన టేపు తీసేవాడు కాదు. "ఎక్కి కూసో అప్పా" అనేవాడు డ్రైవరుని. రోజూ ఎట్లా కూర్చుంటాడో అట్లాగే కూర్చోమనేవాడు. ముందుకి వంగి నడిపేవాళ్ళు ఉంటారు, సీటు వెనక్కి వాల్చి నడిపేవాళ్ళు ఉంటారు. మేస్త్రి తొట్టిలోకి ఎక్కి, అద్దం అవతల మోకాళ్ళ మీద కూర్చుని, సుద్దముక్కతో అద్దం మీద ఆ మనిషి తల చుట్టూ ఒక గీత గీసేవాడు. మెడ దగ్గర ఇంకో గీత. బండిని ఇద్దరు నడిపేటట్టయితే రెండో మనిషిని పిలిపించి, వాడి తలకి కూడా గీసేవాడు. అప్పుడు గాని టేపు బయటికి వచ్చేది కాదు.

"మనం కాపాడేది అద్దం కాదప్పా. అద్దం అంగట్లో దొరకతాది" అని నాకు మొదటి రోజే చెప్పాడు.

ఆయన తర్వాత అడిగేది, ఏమేమి ఎక్కిస్తావని. డ్రైవర్లు ఈ ప్రశ్నకి నిజం చెప్పరు. యాల చెప్పరో ఇప్పటికీ నాకు అర్థం కాదు. డాక్టరు దగ్గర బీడీ తాగనని చెప్పినట్టు చెప్తారు. బి.కొత్తకోట నుంచి వచ్చిన ఒకాయన నాకు బాగా గుర్తు.

"ఏమేస్తావప్పా బండిలో?" అన్నాడు మేస్త్రి.

"టమేటా మేస్త్రీ. టమేటా తప్ప ఇంగేమీ ఎయ్యను."

"పైపులు?"

"ఎయ్యను."

"కడ్డీలు?"

"మా అమ్మతోడు ఎయ్యను."

మేస్త్రి టైరు మీద కాలు పెట్టి పైకి ఎక్కి, పొడుగు కడ్డీలు ఆనే క్యాబిన్ పైకప్పుని అరచేత్తో ఒకసారి నిమిరి, దిగి, ఆ చెయ్యి డ్రైవరు ముఖం ముందర పెట్టాడు. తుప్పు, ఊడి వచ్చిన రంగు.

"మీ ఊరి టమేటాలకి పండ్లు మొలిసినాయేందప్పా? రేకుని ఇట్ల కొరికిండాయి?"

షెడ్డులో ఉన్నవాళ్ళమంతా నవ్వాం. ఆయన కూడా నవ్వేశాడు. "మా బామ్మర్ది ఇల్లు కట్టుకుంటాండాడు మేస్త్రీ. ఎప్పుడో ఒగసారి ఏస్తా" అన్నాడు.

"ఆ ఒగసారికే గదా నాయనా గార్డు" అన్నాడు మేస్త్రి.

ఆ రోజు నుంచి నేనూ బండి రాగానే ముందు పైకప్పు మీదివీ, తొట్టి నేల మీదివీ గీతలు చూడడం నేర్చుకున్నాను. గీతలు అబద్ధం చెప్పవు. పొడుగు పైపులు వేసేవాడి తొట్టిలో నిలువు గీతలు ఉంటాయి. వాడికి గార్డులో కమ్మీల మధ్య సందు పిడికిలి కంటే తక్కువ ఉండాలి, లేకపోతే గార్డు నిలబడే ఉంటుంది, పైపు మాత్రం సందులోంచి వచ్చి మెడకి తగులుతుంది. క్రేట్లు వేసేవాడికి అంత దగ్గర కమ్మీలు అక్కర్లేదు, వెనక అద్దంలోంచి రోడ్డు బాగా కనబడితే మేలు. ఎవడికి ఏ గార్డు కావాలో వాడి తొట్టే చెప్తుంది. ఇంత చిన్న సంగతి ఏ అంగట్లోనూ నాకు ఎవరూ చెప్పలేదు. ఫోనులో వీడియోలు చూసి వెల్డింగు నేర్చుకున్నవాణ్ణి నేను. పదో తరగతి తప్పినవాణ్ణి. వీడియోల్లో నిప్పురవ్వలు బాగా కనబడతాయి. మనుషుల మెడలు కనబడవు.

మా మేస్త్రికి మొండితనం ఉందని జనం అనుకునేవాళ్ళు. ఉంది. కానీ అది ఇనుము దగ్గరే, మనుషుల దగ్గర కాదు. పుంగనూరు నుంచి పాల క్యాన్లు తోలే ఒకాయన వచ్చాడు. ఆయనకి ఇళ్ళ మెట్ల పక్కన చేతికి పట్టుకోవడానికి పెడతారే, ఆ తళతళలాడే స్టీలు పైపులతో గార్డు కావాలి. మధ్యలో రేకు పెట్టి ఇలవేల్పు పేరూ, ఇద్దరు కూతుళ్ళ పేర్లూ కత్తిరించి రాయాలి. ఫోనులో ఫోటో తెచ్చి చూపించాడు.

"ఇది మెట్లెక్కే ముసలోళ్ళు పట్టుకునేదానికప్పా" అన్నాడు మేస్త్రి. "లోపల గాలి తప్ప ఏముండాది దాంట్లో? క్యాను వచ్చి గుద్దితే చెరుకుగడ మాదిరి మడిసిపోతాది."

"అందురూ అదే ఏయిస్తాండారు మేస్త్రీ. యార్డులో నా బండి ఒగటే నల్లగా ఉంటే ఎట్ల?"

"నువ్వు బండిని సూసేదానికి కొన్నావా, పాలు తోలేదానికి కొన్నావా?"

"రెండిటికీ" అన్నాడాయన సిగ్గుపడకుండా.

నేనైతే పొమ్మనేవాణ్ణి. మేస్త్రి కాసేపు తల గోక్కున్నాడు. ఆ తర్వాత మందపాటి యాంగిల్సుతో నల్లటి చట్రం తొట్టి నేల మీద నిలబెట్టాడు. ఆ చట్రం పైన, అద్దానికి అడ్డం రాకుండా, క్యాబిన్ కంటే జానెడు ఎత్తులో ఒక సన్న రేకు బిగించి దేవుడి పేరూ పిల్లల పేర్లూ తన చేత్తోనే కత్తిరించాడు. అక్షరాలు గుండ్రంగా, ముద్దుగా వచ్చాయి. ఆయనకి చదువు ఎక్కువ రాదు. పాలాయన కాగితం మీద రాసిచ్చిన పేర్లని మూడుసార్లు దిద్దుకుని, తప్పు పోతే పిల్లలు ఏడుస్తారని భయపడుతూ కత్తిరించాడు.

"పేరు పైన ఉండల్ల, బలం కింద ఉండల్ల. పేరు ఊడినా మనిషి మిగలతాడు" అన్నాడు. పాలాయన ఆ రేకు కింద నిలబడి ఫోటో తీసుకున్నాడు. మేస్త్రిని పక్కన నిలబడమంటే, "నేనేమన్నా పెండ్లికొడుకునా" అని లోపలికి పోయాడు.

కుప్పం నుంచి ఒకాయన రాతి పలకలు తోలడానికి గార్డు అడిగాడు. "ఎంత మందమన్నా ఎయ్యి మేస్త్రీ, ఆపల్ల అంతే" అన్నాడు. మేస్త్రి చేయనన్నాడు. షెడ్డు యజమాని మా ముందరే ఆయన మీద కేకలేశాడు, వచ్చిన బేరం యాల పోగొడతావని. మేస్త్రి అదేమీ వినిపించుకోలేదు. "రాయి జారితే ఏ గార్డూ నిలవదప్పా. నేను ఏసిస్తే నువ్వు ధైర్యంగా పోతావు. ఆ ధైర్యమే నిన్ను సంపతాది" అని ఆ కుప్పమాయనకి చెప్పాడు. ఆ పలకల్ని పడుకోబెట్టకుండా తొట్టి మధ్యలో ఏటవాలుగా నిలబెట్టే ఇనుప దన్ను ఒకటి, నేలకి పట్టీలు బిగించే కొక్కేలు ఎనిమిది చేసిచ్చాడు. గార్డు అడిగిన మనిషి గార్డు లేకుండా పోయాడు. పోతూ దండం పెట్టి పోయాడు. తన వల్ల కానిదాన్ని కాదని చెప్పే పనివాణ్ణి నేను ఆయన ఒక్కణ్ణే చూశాను.

ఇప్పుడు ఆ గుర్తు సంగతి. ఇది తెలియకపోతే నా కోపం మీకు అర్థం కాదు.

గార్డు బిగించడం అయిపోయాక మా మేస్త్రి బండి యజమానికి తాళం ఇచ్చేవాడు కాదు. షెడ్డు వెనక మా దగ్గర ఒక చింతమొద్దు ఉంది. ఇద్దరు ఎత్తితే గాని లేవదు. దాన్ని తొట్టిలో వెనక చివర పెట్టించేవాడు. కట్టనిచ్చేవాడు కాదు. తర్వాత తనే డ్రైవరు సీట్లో కూర్చునేవాడు. పొట్టి మనిషి, తల ఆ సుద్దగీత దాకా అందదని కింద గోనెసంచి మడిచి వేసుకునేవాడు. షెడ్డు వెనక ఖాళీ మైదానంలోకి బండి తీసి, మూడో గేరు దాకా పోయి, ఒక్కసారిగా బ్రేకు తొక్కేవాడు. మొద్దు దడదడమని వచ్చి గార్డుని గుద్దేది. ఆ చప్పుడు రోడ్డు మీదికి వినబడేది. టీ అంగడివాళ్ళు, "మేస్త్రి మొద్దుని ఊరేగిస్తాండాడు" అని నవ్వేవాళ్ళు.

"బండి నాది, సరుకు నాది. నేను కూసుంటాలే మేస్త్రీ" అని ఎందరు డ్రైవర్లు అన్నారో. ఒప్పుకునేవాడు కాదు.

"మొదటి బ్రేకు నాది. రెండోది నుంచి నీ ఇష్టం."

గార్డు నిలబడితే బండి దిగి, డ్రైవరు వైపు గార్డు కాలు దగ్గర మూడు వెల్డింగు చుక్కలు పెట్టేవాడు. అదీ ఆయన గుర్తు. అది 'నేను చేశాను' అని చెప్పే గుర్తు కాదు. చాలా గార్డులు నేనే చేశాను, వాటికీ పెట్టాడు. 'దీని ముందర నా తల పెట్టి చూశాను' అని చెప్పే గుర్తు. ఆ మూడు చుక్కలున్న బండి అంటే పుంగనూరు నుంచి రామకుప్పం దాకా డ్రైవర్లు పాత బండి కొనేటప్పుడు కూడా మారు మాట్లాడకుండా కొంటారు.

ఆయన తల వెనక నేను పెట్టిన గార్డు ఒకటి విరిగింది. దాచుకోను, రాస్తాను.

షెడ్డులో చేరిన ఏడాదికి నా చేత మొదటిసారి మొత్తం గార్డు చేయించాడు. నేను నా తెలివి చూపించాలని, కాళ్ళని తొట్టికి బిగించి, పైభాగాన్ని రెండు పట్టీలతో క్యాబిన్‌కి కూడా బిగించాను. ఎక్కువ చోట్ల పట్టుకుంటే ఎక్కువ బలం అనుకున్నాను. మేస్త్రి ఆ పట్టీల వంక చూశాడు. ఏమీ అనలేదు. యాల అనలేదో అప్పుడు నాకు అర్థం కాలేదు. బండిని ముందు గతుకుల దారిలో రెండుసార్లు తిప్పి తెచ్చాడు. తర్వాత మొద్దు ఎక్కించి బ్రేకు తొక్కాడు. నా అతుకులు గతుకుల్లోనే చిట్లాయి. మొద్దు తగలగానే గార్డు పైభాగం ఊడి అద్దం మీద పడింది. అద్దం పగిలింది.

నేను పరిగెత్తి తలుపు తీశాను. మేస్త్రి మెడ వెనక రక్తం కారుతూ ఉంది. తువ్వాలు అదిమి పట్టుకుని నిదానంగా దిగాడు. కొడతాడని నిలబడ్డాను. కొట్టి ఉంటే బాగుండేది.

"ఇట్ల రా" అన్నాడు. తొట్టి అంచు మీద ఒక చెయ్యి, క్యాబిన్ మీద ఒక చెయ్యి పెట్టమన్నాడు. ఇంకొకణ్ణి పిలిచి బండి అటూ ఇటూ ఊపమన్నాడు. నా రెండు చేతులూ రెండు దిక్కులకి కదిలాయి.

"తెలిసిందా? క్యాబిను ఒగ దోవన ఊగతాది, తొట్టి ఇంగొక దోవన ఊగతాది. రెండిటికీ కట్టేస్తే నడిమింట్ల ఉండేది నలిగి సస్తాది. గార్డు తొట్టిదే. దానికీ అద్దానికీ నాలుగు వేళ్ళు పట్టేంత సందు ఉండల్ల. ఇనుము వంగేదానికి సోటు ఇయ్యల్ల నాయనా."

"ముందే సెప్పి ఉండచ్చు గదా మేస్త్రీ!" అన్నాను. ఏడుపూ కోపమూ కలిసి వచ్చాయి.

"సెప్పింటే ఇనుంటావా నువ్వు? ఫోనులో సూసినానని నాకే పాఠం సెప్పుంటావు." తువ్వాలు తీసి చూసుకున్నాడు. "నా మెడ మీద నేర్సుకున్నావు. సరిపోయింది. ఇంగ ఇంగొకడి మెడ మీద నేర్సుకోవద్దు."

ఆసుపత్రిలో కుట్లు వేయించుకుని మధ్యాహ్నానికి తిరిగి వచ్చాడు. బండి యజమానికి అద్దం తనే మార్పించి ఇచ్చాడు. ఆ రోజు సాయంత్రమే అదే బండికి మళ్ళీ గార్డు నా చేతే చేయించాడు. మళ్ళీ తనే కూర్చుని బ్రేకు తొక్కాడు. మెడకి కట్టుతో. నేను కళ్ళు మూసుకున్నాను. చప్పుడు వచ్చింది. కళ్ళు తెరిచేసరికి ఆయన దిగి, చుక్కలు పెట్టడానికి రాడ్డు అడుగుతున్నాడు.

అట్లాంటి మనిషి దగ్గర నాలుగేళ్ళు పనిచేశాను. ఇంకేం కావాలి నాకు?

ఆయనకి చిన్న చిన్న అలవాట్లు ఉండేవి. టీ గ్లాసు చేతికి రాగానే సగం నాకు వంచేవాడు, నేను వేరే గ్లాసు తెప్పించుకున్నా సరే. అతుకు అయ్యాక స్పానరుతో తట్టి చెవి దగ్గర పెట్టి వినేవాడు. "గంట మాదిరి పలకల్ల, డబ్బా మాదిరి పలకగూడదు." ఎవరి బండికైనా గార్డు ఊగుతున్నట్టు కనబడితే, అది ఎవరు చేసిందైనా సరే, రోడ్డు మీదే ఆపించి చూసేవాడు. ఒకసారి హార్స్లీ హిల్స్ మీది రిసార్టుకి ఇనుప కడ్డీలు తోలే బండిని దారిలో అట్లా ఆపితే, ఆ డ్రైవరు పోలీసు మనిషనుకుని కాగితాలు చూపించాడు. "కాగితాలు ఏం సేసుకోనప్పా, నీ ఎనక సూపీ" అన్నాడు మేస్త్రి. ఆ డ్రైవరు తన వెనక జేబు తడుముకున్నాడు. ఈ సంగతి చెప్పి చెప్పి నవ్వేవాళ్ళం.

ఆయన్ని కుప్పం దగ్గర సొంత ఊరికి తీసుకుపోయి మట్టి చేశాం. ఆ మధ్య రోజుల్లో నేను షెడ్డు గడప తొక్కలేదు. పదకొండో రోజు దినానికి మళ్ళీ పోయాం. ఏనుగులు తొక్కిన రాగి చేను పక్కన వరసగా పికప్‌లు ఆగి ఉన్నాయి. అన్నీ ఆయన గార్డులే. లెక్కలేదు. డ్రైవర్లు భార్యాపిల్లల్ని క్యాబిన్లో కూర్చోబెట్టుకుని వచ్చారు. ఏ పెద్ద మనిషికి వచ్చారు అట్లా?

ఆ వరసలో ఒక కొత్త గార్డు మెరుస్తూ ఉంది. పుంగనూరు బండి. దాని డ్రైవరు గార్డుకి పూలదండ వేసి, పక్కనే నిలబడి వచ్చినవాళ్ళందరికీ చూపిస్తున్నాడు.

"మేస్త్రి ఆఖరుగా సేసిన గార్డప్పా ఇది. నా బండికే దొరికింది. నా అదృష్టం సూడు."

నేను దగ్గరికి పోయాను. స్టీలు పైపు. కాలు దగ్గర మూడు చుక్కలు. చెయ్యి వేసి ఊపాను. పూలదండ కూడా ఊగింది.

"ఇది మేస్త్రిది కాదు" అన్నాను.

"ఏందప్పా, సచ్చిపోయినాయన దినంలో ఇదేం మాట? సుక్కలు కనపల్లేదా నీకి?"

"సుక్కలుండాయి. గార్డు లేదు."

చొక్కా పట్టుకున్నాడు. నేను కూడా పట్టుకున్నాను. పెద్దవాళ్ళు వచ్చి విడదీశారు. నేను స్పానరు తీసుకుని గార్డు కాలి మీద తట్టాను. డబ్బాలాగా పలికింది. కిందికి వంగి చూడమన్నాను. అతుకు చుట్టూ లేదు, నాలుగు బియ్యపు గింజలంత టాకాలు. అడుగున పట్టీ లేదు, పలచటి రేకుకే బోల్టులు. పైన రెండు పట్టీలు క్యాబిన్‌కి బిగించి ఉన్నాయి. నేను మూడేళ్ళ కింద చేసిన తప్పే. దాని ముందర ఎవరి తలా పెట్టి చూడలేదని అక్కడున్న ప్రతి డ్రైవరుకీ తెలిసిపోయింది.

ఆ పుంగనూరు డ్రైవరు చాలాసేపు వంగే ఉన్నాడు. లేచి, "ఈ బండిలో నా బిడ్డల్ని కూసోబెట్టుకోని వచ్చినానే" అన్నాడు. దండ తీసేశాడు.

అమ్మింది మా షెడ్డు యజమాని అని అతనే చెప్పాడు. ఇట్లాంటివే ఇంకో ఆరు గార్డులు షెడ్డులో వరసగా పెట్టి ఉంటే చూశాననీ, అవన్నీ అమ్ముడుపోయాయనీ చెప్పాడు. మేస్త్రి భార్య ఇదంతా గడప దగ్గర నిలబడి విన్నది. నన్ను పిలిచి ఒక్క మాట అడిగింది.

"ఆయప్ప పేరు సెప్పుకోని ఎవురి తలకన్నా దెబ్బ తగిల్తే, నేను వాళ్ళ ఆడోళ్ళకి ఏమని సెప్పల్ల నాయనా?"

మరునాడు షెడ్డుకి పోయి యజమానిని అడిగాను. ఆయన దాచుకోలేదు. తయారైన గార్డులు బయట నుంచి తెప్పించానన్నాడు. "షెడ్డు నాది. షెడ్డులో పెట్టిన గుర్తు గూడా నాదే. మేస్త్రి నాకాడ పన్జేసినోడే గదా? జనానికి మెరిసేది కావాల, మూడు సుక్కలు కావాల. రెండూ ఇచ్చినా. తప్పేముండాది?" అన్నాడు. నేను గ్రైండరు కింద పెట్టి వచ్చేశాను. ఇంతవరకు మళ్ళీ పోలేదు.

అయ్యా, మీ పేరు రాయడం లేదు. చదివితే మీకే తెలుస్తుంది. షెడ్డు మీదే. మిషన్లు మీవే, కరెంటు మీటరు మీ పేరు మీదే ఉంది. మొద్దు ముందర పెట్టిన ఆ తల మాత్రం మీది కాదు. దాన్ని అమ్ముకునే హక్కు మీకు లేదు.

చదువుతున్న డ్రైవర్లకి ఒక మాట. చుక్కలు చూసి నమ్మకండి. మా మేస్త్రి ఉండి ఉంటే ఆయనా ఇదే చెప్పేవాడు. గార్డు కాళ్ళు ఎక్కడ నిలబడ్డాయో వంగి చూడండి. తొట్టి కింద అడ్డంగా పోయే దిమ్మె మీద నిలబడాలి, అడుగున పట్టీ ఉండాలి. క్యాబిన్‌కి దాన్ని ఎక్కడా కట్టకూడదు. అద్దానికీ దానికీ మధ్య నాలుగు వేళ్ళు పట్టాలి. రెండు కాళ్ళూ తన్నిపెట్టి వీపుతో నెట్టండి. కదిలితే ఆ రోజు లోడు మానుకోండి. మెరుపు సంగతి ఆ తర్వాత.

ఏడుగురిలో నలుగురిని నేను వెతికి పట్టుకున్నాను. పుంగనూరు వైపు ముగ్గురు, రామకుప్పం వైపు ఒకరు. వాళ్ళకి చెప్పాను. మిగతా ముగ్గురు ఎవరో మీకే తెలుసు, వాళ్ళ ఫోను నంబర్లు మీ దగ్గర ఉన్నాయి, నా దగ్గర లేవు. నేను అడిగేది ఇంతే. ఆ ముగ్గురికీ మీరే ఫోను చేసి నిజం చెప్పాలి. ఏడు గార్డులూ విప్పించి, మేస్త్రి కట్టే పద్ధతిలో మళ్ళీ కట్టించాలి. పని నేను చేస్తాను, కూలి అడగను. లేదు, అవి మంచి గార్డులే అంటారా, అయితే మొద్దు నేను ఎక్కిస్తాను, మీరు డ్రైవరు సీట్లో కూర్చుని మూడో గేరులో బ్రేకు తొక్కండి. ఏడు బండ్లలో మీకు నచ్చిన బండి ఎంచుకోండి. తొక్కి దిగితే ఇదే చోట మీకు క్షమాపణ రాస్తాను.

వచ్చే ఆదివారం పొద్దున పది గంటల లోపు నాకు జవాబు కావాలి. అంతకు మించి ఒక్క పూట కూడా ఆగలేను. నాకు దొరకని ఆ ముగ్గురూ సోమవారం తెల్లవారుజామునే ఆ అద్దానికి వీపు పెట్టి కూర్చుని, లోడు ఎత్తుకుని, ఇంట్లోవాళ్ళకి చెయ్యి ఊపి బయలుదేరతారు.